ఇంట్లో బాడీ వేసుకోవాల్నా, వద్దా?

ఈ సంగతి పత్రికకు రాస్తనంటే మా ఇంటాయన కొద్దిసేపు ఏం మాట్లాడలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "టవల్ నేసుడు గురించి రాయరాదా, అందరు చదువుతరు" అన్నడు. టవల్ గురించి మన షోలాపూర్ల ఎవరికి తెలువదు? చిన్న పిల్లగాడు కూడా చెప్తడు. తెల్వనిది, తెలిసినా ఎవ్వరు నోరు విప్పనిది ఈ సంగతే. అందుకే రాస్తున్న. మగవాళ్ళు కూడా పేజీ తిప్పకుండా చదవండి. మీ ఇంట్ల కూడా తల్లి, పెండ్లాం, బిడ్డ ఉన్నరు గదా.

నేను నాలుగో తరగతి దాక తెలుగు బడిలో చదువుకున్న. 1980లో మిల్లులో వైండింగ్ ఖాతాలో చేరిన. మిల్లు మూతపడ్డంక అక్కల్‌కోట్ రోడ్డు మీద టవల్ కార్ఖానాలో చేసిన. 2019లో పని బంద్ చేసిన. బట్ట సంగతి నాకు ఎరుక, దారం సంగతి ఎరుక. నా ఒంటికి తగిలే బట్ట సంగతి మాత్రం యాభై ఎనిమిదేండ్లు వచ్చిందాక ఎరుక లేదు. ఆ ముచ్చటే చెప్తున్న.

మా అత్త ముందర ముడి వేసే చోళీ తొడిగేది. గుళేదగుడ్డ ఖణం బట్ట, ఒంటికి పట్టినట్టు కుట్టించుకునేది. ఆ ముడే ఆమెకు ఆసరా. లోపల ఇంకో బట్ట వేసుకునుడు ఆమెకు తెలువదు, ఆమె తల్లికి తెలువదు. నేను మిల్లుకు పోవుడు మొదలుపెట్టినంక మా ఖాతాలో ఒక పెద్దక్క నన్ను పక్కకు పిలిచి, "చెల్లే, మిషన్ కాడ రోజంతా వంగుడు, లేసుడు, ఉరుకుడు. ఒళ్ళు గట్టిగ కట్టుకో, కొంగు దోపుకో, జడ ముడి పెట్టుకో. మిషన్‌కు నీది నాది అని ఉండదు" అని చెప్పింది. మొదటి జీతంలో మంగళ్‌వార్ బజార్లో ఒక బాడీ కొనుక్కున్న. తెల్ల పాప్లిన్‌ది. గుండ్రంగ కుట్ల మీద కుట్లు వేసి గట్టిగ ఉండేది.

అది చూసి మా అత్త, "గుర్రానికి జీను కట్టినట్టు ఏందే ఇది? మేం పిల్లల్ని కనలేదా, పని చేయలేదా?" అని ఇల్లంతా లేపింది. పనికి పోయేటప్పుడు వేసుకునేది, ఇంటికి రాంగనే గడప దాటకముందే విప్పి సంచిలో దాచుకునేది. దొంగతనం చేసినట్టుండేది. నేను కోడల్ని, ఏమంటా?

ముప్పై ఏడేండ్లు తిరిగే సరికి కాలం ఎట్ల తిరిగిందంటే, అదే ఇంట్ల నేను అత్తనైన, నాకు కోడలొచ్చింది. ఈసారి కొట్లాట ఉల్టా అయింది. మా అత్త వేసుకోవద్దని తిట్టింది, నేను వేసుకొమ్మని తిట్టిన.

మాది రెండు గదుల పత్రాల ఇల్లు. పెద్ద కొడుకు, కోడలు, పెండ్లి కాని చిన్న కొడుకు, మేమిద్దరం. మే నెలలో మన ఊరి ఎండ నలభై డిగ్రీలు దాటుతది. పత్రాల కింద మనుషులు కాదు, రొట్టెలు కాలుతయి. కోడలు మధ్యాహ్నం పని అయినంక బాడీ విప్పి, వదులు మ్యాక్సీ వేసుకొని, నేల మీద తడిబట్ట పరుచుకొని పండుకునేది. నేను ఒకరోజు ఆమెను పక్కకు పిలిచి, "మరిది ఇంట్ల ఉన్నడు, మామ ఉన్నడు, సోయి లేదా?" అన్న. ఆమె ఏమనలేదు. ఆ రోజు నుంచి రాత్రి పండుకునే దాక వేసుకునే ఉండేది. నేను మంచి పని చేసిన అనుకున్న. ఇంటి పరువు కాపాడిన అనుకున్న.

మరుసటేడు కాన్పు అయింది. మనుమడు పుట్టిండు. కోడలు అప్పుడు కూడా పెండ్లికి ముందు కొన్న బాడీలే వేసుకునేది. పాలొచ్చి రొమ్ములు నిండినా అవే. కొత్తవి కొనాలని నాకు తోచలేదు, ఆమెకు అడగ ధైర్యం లేదు. ఐదో వారంలో ఒక రాత్రి ఆమెకు చలి పెట్టి జ్వరమొచ్చింది. కుడి రొమ్ము ఒకపక్క ఎర్రగ, వేడిగ, రాయిలెక్క గట్టిపడ్డది. పొద్దుగాల దవాఖానకు తీస్కపోయినం.

డాక్టరమ్మ చూసింది. బాడీ పట్టీ తగిలిన చోట ఒంటి మీద లోతు గీత ఉండె. "ఇంత బిగుతుది ఎందుకు వేసుకున్నవమ్మా? ఇంట్లో కూడా వేసుకుంటున్నవా?" అని అడిగింది. కోడలు తల వంచుకున్నది. నా దిక్కు చూడలేదు. చూస్తే నాకు కొంచెం నయంగ ఉండునేమో. ఆమె చూడకపోవుడే నాకు గుచ్చుకున్నది.

నేనే చెప్పిన, "నేనే వేసుకొమ్మన్న డాక్టరమ్మా" అని.

డాక్టరమ్మ మంచి మనిషి. తప్పంతా బాడీదే అనలేదు. పిల్లగాడు రొమ్ము సరిగ్గ పట్టకపోయినా, చానసేపు పాలియ్యకపోయినా పాలు గడ్డ కడతయట. దానికి తోడు బిగుతు బట్ట ఒక్కకాడనే ఒత్తుతుంటే పాలు పోయే దారి మూసుకుంటదట. మందు రాసిచ్చింది. "ఆ పక్క పాలియ్యడం బంద్ చేయొద్దు, పిల్లగాడికి ఏం కాదు. బంద్ చేస్తే ఇంకా గడ్డకడతది" అని చెప్పింది. నేను ఇంటికి రాంగనే ఆ పక్క పాలు మాన్పిద్దామనుకున్న. మన పెద్దోళ్ళు గట్లనే చెప్పేది గదా. డాక్టరమ్మ చెప్పకపోతే ఇంకో తప్పు చేసేదాన్ని. నాలుగు రోజులకు జ్వరం తగ్గింది, వారానికి గడ్డ కరిగింది.

ఆ తర్వాత నేను ఈ సంగతి అడిగి అడిగి తెలుసుకున్న. డాక్టరమ్మను అడిగిన, నర్సింగ్ చదువుతున్న నా బిడ్డ బిడ్డను అడిగిన. కొంత నా దారం పనిలోనే ఉన్నది, నేనే చూడలేదు. తెలిసింది మీకు చెప్తున్న.

మొదటిది కొలత. కార్ఖానాలో ఇంచికి పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని అని అద్దం పెట్టి లెక్కపెట్టిన దాన్ని నేను. టవల్ అర ఇంచు తక్కువైతే పక్కకు తీసిన దాన్ని. నా ఒంటిని మాత్రం ఎప్పుడు కొలువలేదు. దుకాణంలో మగపిల్లగాడు "కౌన్సా నంబర్?" అంటే సిగ్గుతోటి "చౌతీస్" అని, కాగితంలో చుట్టించుకొని వచ్చుడే. పెండ్లయినప్పుడు 34, నలుగురు పిల్లల తల్లులకు 34, ముసలోళ్ళకు 34. షోలాపూర్ ఆడోళ్ళంతా 34 అయితరా?

కొలత ఇట్ల తీసుకోవాలె. దర్జీ టేపు తీసుకొని రొమ్ముల కింద, ఒంటి చుట్టూ కొలవండి. అది పట్టీ నంబరు. తర్వాత రొమ్ముల మీద, ఎత్తుగ ఉన్న కాడ, టేపు బిగించకుండ కొలవండి. రెండింటికి తేడా ఒక ఇంచు ఉంటే ఎ, రెండు ఉంటే బి, మూడు ఉంటే సి, నాలుగు ఉంటే డి. నాది కింద 36, మీద 39 వచ్చింది. అంటే 36 సి. జీవితమంతా 34 వేసుకున్న. ఒక్కో కంపెనీది ఒక్కో తీరు ఉంటది గనుక నంబరు చూసి ఊకుంటే చాలదు, వేసుకొని చూడాలె.

వేసుకున్నంక చూసుకునేది ఇది. కింది పట్టీలోకి రెండు వేళ్ళు పోవాలె. ముందర ఎంత ఎత్తున ఉన్నదో వెనుక కూడా అంతే ఎత్తున ఉండాలె. వెనుక పైకి ఎక్కుతుంటే పట్టీ వదులున్నట్టు. బరువు మోసేది ఎక్కువగా కింది పట్టీ, భుజాల పట్టీలు కాదు. భుజాల మీద గుంటలు పడుతున్నయంటే పని చేయాల్సింది చేస్తలేదు, పక్కది దాని బరువు మోస్తున్నది. కార్ఖానాలో మనం చూడనిదా ఇది! కొత్తది కొన్నప్పుడు అన్నిటికంటే వదులు కొక్కెంకు పెట్టుకోవాలె. ఎలాస్టిక్ సాగిన కొద్దీ లోపలి కొక్కేలకు జరుపుకోవాలె. అందుకే కొక్కేలు రెండు మూడు వరసలు ఉంటయి. నేను మాత్రం మొదటి రోజు నుంచే బిగుతుది పెట్టుకునేది. గట్టిగ ఉంటేనే మంచిదనుకునేది.

రెండోది బట్ట. ఇది నాకు ఎరుకున్న సంగతి. మిల్లులో నూలు తూకానికి పత్తిలో తేమ 8.5 శాతం లెక్క కట్టేది. పాలిస్టర్‌కు 0.4 శాతమే. అంటే పత్తి నీళ్ళు తాగుతది, పాలిస్టర్ తాగదు. మన టవల్ ఒళ్ళు తుడుస్తదంటే ఆ పత్తి వల్లనే, ఆ కుచ్చు వల్లనే. రోజంతా చెమట పట్టే కాడ పాలిస్టర్, నైలాన్, స్పంజి ఉన్న బాడీ వేసుకుంటే చెమట ఎటు పోతది? ఒంటి మీదనే నిలుస్తది. రొమ్ముల కింద మడత కాడ ఎర్రగ కోసుకపోయినట్టయితది, దురద పుడతది, బూజు రోగం పడతది. మా ఖాతాలో సగం మందికి ఇది ఉండె. అందరు పౌడర్ చల్లుకొని ఊకునేది. పౌడర్‌తోటి తడి పోదు. బాగా కడిగి, పొడిబట్టతోటి ఒత్తి తుడిచి, గాలి తగలనియ్యాలె. వారం దినాలైనా తగ్గకపోతే డాక్టరుకు చూపెట్టాలె. షుగర్ ఉన్నోళ్ళు ఇంకా జాగ్రత్తగ ఉండాలె. దురద మందు ఎవరో చెప్పింది పూసుకోవద్దు, కొన్ని మందులు బూజును ఇంకా పెంచుతయి.

మూడోది ఉతుకుడు, ఆరేసుడు. ఇది రాసుడు తప్పదు. మనం బాడీ ఎక్కడ ఆరేస్తం? చీర కింద, టవల్ కింద, తలుపు వెనుక. ఎవరికి కనబడకుండ. దండెం మీద మగోళ్ళ బనియన్లు జెండాల్లెక్క ఎగురుతయి, మన బట్ట మాత్రం చీకట్ల ముక్కుతది. ఆరీ ఆరని బట్ట తెల్లారి వేసుకొని దురద ఎందుకు పుట్టిందని అడుగుతం. మండే ఎండల, ఉడుకు నీళ్ళల, బ్లీచింగుల వేస్తే ఎలాస్టిక్ చచ్చిపోతది, అది నిజమే. గట్టిగ పిండినా అంతే. చల్లని నీళ్ళల మెల్లగ ఉతికి, గాలొచ్చే నీడ కాడ పూరా ఆరేయాలె. దాచేయొద్దు. కనీసం మూడు ఉంచుకోవాలె. ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద, ఒకటి పెట్టెల.

నాలుగోది మనలో మనం చెప్పుకునే అబద్ధాలు. "వేసుకోకపోతే జారిపోతయి" అంటరు. వయసు మీద పడ్డకొద్దీ, కాన్పులైన కొద్దీ, ఒళ్ళు వచ్చి తగ్గిన కొద్దీ అందరికి జారుతయి. ఇంట్ల నాలుగు గంటలు విప్పితే జారేది లేదు. ఇంకొకరు "వేసుకుంటే కాన్సర్ వస్తది" అంటరు. అది కూడా తప్పే. 2014లో అమెరికాలో సియాటిల్ ఊర్ల రొమ్ము కాన్సర్ వచ్చిన ఆడోళ్ళను వెయ్యి మంది పైన, రానోళ్ళను కూడా అడిగి చూసిన్రట. ఎన్ని గంటలు వేసుకున్నా, ఏ నంబరుది వేసుకున్నా దానికి దీనికి సంబంధం కనబడలేదట. రాత్రి వేసుకొని పండుకున్నా బిగుతు లేకపోతే నష్టం లేదు. విప్పి పండుకున్నా నష్టం లేదు. ఎవరి నిద్ర వాళ్ళది.

అయితే ఇంట్ల వేసుకోవాల్నా, వద్దా? నేను పదిమందిని అడిగిన. బరువు రొమ్ములున్న మా మరదలు, "విప్పితే వదినా, మెడ, వీపు లాగుతయి. నాకు వేసుకుంటేనే సుఖం" అన్నది. ఇంట్ల కూసొని బీడీలు చేసే నా దోస్తు, "పొద్దుగాల నుంచి వంగి కూసుంటే పట్టీ కడుపులోకి దిగుతది. విప్పితేనే ఊపిరి ఆడుతది, బ్రాంచికి బీడీలు ఇయ్యబోయేటప్పుడే వేసుకుంట" అన్నది. ఇద్దరిదీ నిజమే. మిషన్ కాడ, నీళ్ళు మోసేటప్పుడు, ఉరికే పని కాడ ఆసరా ఉంటే మంచిది. ఇంట్ల కూసున్నప్పుడు, పండుకున్నప్పుడు ఎవరి ఒళ్ళు ఏం చెప్తే అది వినాలె. దీనికి అత్త ఇచ్చే హుకుం అక్కర లేదు. మొగుడు ఇచ్చే హుకుం అంతకన్నా అక్కర లేదు.

రెండు గదుల ఇండ్లల్ల సిగ్గు అనిపిస్తది, అది నేను కాదనను. దానికి దారులున్నయి. అస్తరు వేసిన పత్తి జాకెట్టు కుట్టించుకుంటే లోపల ఏం లేకున్నా ఆసరాగ ఉంటది. మ్యాక్సీ లోపల పల్చని హోజరీ షిమ్మీ వేసుకోవచ్చు, చెమట తాగుతది. తీగ లేని, కొక్కెం లేని పత్తి బాడీలు వస్తున్నయి, తల మీది నుంచి వేసుకునేటివి. పాలిచ్చే తల్లులకు ముందర విప్పే తీరుగ దొరుకుతయి, నెల నెలకు ఒంటి సైజు మారుతది గనుక ఒక నంబరు పెద్దది కొనాలె.

ఇంకో ముచ్చట చెప్పి ముగిస్త. ఇది చెప్పకపోతే నేను రాసిందంతా వట్టిదే.

నా పక్క మిషన్ మీద పనిచేసే అక్క ఒకామె ఉండె. పన్నెండేండ్లు ఒక్క డబ్బాల తిన్నం. ఆమెకు రొమ్ములో చింతగింజంత గడ్డ తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు గనుక ఊకున్నది. చూపెట్టాలంటే జాకెట్టు విప్పాలె, అది సిగ్గు. మొగునికి చెప్పలేదు, బిడ్డకు చెప్పలేదు, నాకు చెప్పలేదు. ఏడాదికి నాకు చెప్పింది. అప్పటికి చంక కింద కూడా ఉండె. ఆమె ఇప్పుడు లేదు. డబ్బాల ఆమె ఇష్టంగ తినే పల్లీల పొడి నేను ఇంక పెట్టుకోలేదు.

ఇంట్ల విప్పుకునే ఆ నాలుగు నిమిషాలు మీ ఒళ్ళు మీరు చూసుకునే టైమనుకోండి. అద్దం ముందర నిలబడి చూడండి, వేళ్ళతోటి తడిమి చూడండి. గట్టి గడ్డ, చంక కింద గడ్డ, చర్మం సంత్ర తొక్కలెక్క గుంటలు పడుడు, మొన లోపలికి గుంజుకుపోవుడు, మొన నుంచి రక్తం, ఒక రొమ్ము కొత్తగ పెద్దదవుడు, వీటిల ఏది కనబడ్డా అదే వారంల డాక్టరుకు చూపెట్టండి. గడ్డలన్నీ కాన్సర్ కావు, ఎక్కువ శాతం కావు. అయితే ఏది ఏందో డాక్టరు చెప్పాలె, మనం కాదు. 30 ఏండ్లు దాటిన ఆడోళ్ళకు సర్కారు ఆరోగ్య కేంద్రాలల్ల రొమ్ము పరీక్ష చేసే పథకం ఉన్నది. సిగ్గు పడకుండ అడగండి.

మా ఇంట్ల ఇప్పుడు ఏం మారిందంటే, పెద్దగ ఏం మారలేదు. కొడుకులిద్దరు లోపలి గదిలకు వచ్చే ముందర దగ్గుతరు, లేకపోతే పిలుస్తరు. అది నేను చెప్పిన. చిన్నోడు మొదట నవ్విండు, తర్వాత అలవాటైంది. కోడలి బట్టలు నా బట్టలు గచ్చు మీద దండెంకు, టవళ్ళ పక్కనే ఆరుతయి. ఎదురింటామె మొదట ముక్కు మీద వేలేసుకున్నది. ఇప్పుడు ఆమె దండెం మీద కూడ చీరల కింద దాచేది లేదు.

పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం కోడలు మ్యాక్సీ వేసుకొని, నేల మీద తడిబట్ట పరుచుకొని పండుకున్నది. నేను పోయి పక్కన పండుకున్న. ఆమె కండ్లు మూసుకునే, "అత్తమ్మా, మీరు కూడ విప్పుకోరాదా, ఇంత ఉడుకపోస్తుంటె" అన్నది. ఎనిమిదేండ్ల కింద నేను ఆమెకు చెప్పాల్సిన మాట అది. ఆమె నాకు చెప్పింది.

అత్తలారా, మీ ఇంట్ల కోడలు ఎండాకాలం ఎట్ల పండుకుంటున్నదో ఒకసారి చూడండి. ఏమన్నా అనేముందు మీ అత్త మిమ్మల్ని ఏమన్నదో యాదికి తెచ్చుకోండి.